రెండో కుక్క ఎందుకు కూర్చునేది

ఈ మధ్య మా తెలుగువాళ్ల పిక్నిక్‌లో ఒక అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. న్యూ టౌన్‌లో ఫ్లాటు, సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం. వాళ్ల కుక్క కేన్సర్‌తో పోయిందట. ఇంట్లోవాళ్లు ఇంకో కుక్కపిల్లను తెద్దామంటున్నారట. "అంకుల్, మీరు జాబంతా డాగ్స్‌తోనే చేశారు కదా. ఇంకోదాన్ని తెస్తే అన్యాయం చేసినట్టు కాదా?" అని అడిగింది. ఎవరికి అన్యాయం, పోయినదానికా, రాబోయేదానికా అని నేను అడగబోయేలోగా బిర్యానీ వచ్చింది. ఇక్కడి బిర్యానీలో వేసే బంగాళాదుంప కోసం పిల్లలు కొట్లాటకు దిగారు. మాట అక్కడే తెగిపోయింది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఇది నోటితో చెప్పే జవాబు కాదు, రాసివ్వడమే నయమనిపించింది. ఆ అమ్మాయికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం కష్టం. వాళ్లమ్మ చదివి వినిపిస్తుంది లెండి. పక్కనున్న కుర్రకారు కూడా వింటే నాకేమీ నష్టం లేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్‌లోని లిలువా రైల్వే వర్క్‌షాపుకు ఫిట్టరుగా వచ్చాడు. నేను ఆ రైల్వే క్వార్టర్లలోనే పుట్టి పెరిగి, రైల్వేలోనే భద్రతా సిబ్బందిలో చేరి, ఉద్యోగంలో ఎక్కువ కాలం బాంబులు వెతికే కుక్కల దళంలో గడిపాను. ఇక్కడ ఎవరి పేర్లూ రాయను. రిటైరయ్యాక మనుషులకు తీరిక ఎక్కువ, ఊరికే తగాదాకు వస్తారు. కుక్కలు రావనుకోండి. కానీ వాటికి శిక్షణ కేంద్రంలో పెట్టే పేర్లు మా ఆవిడకు నోరు తిరిగేవి కావు. మొదటివాణ్ణి ఆవిడ "నాయినా" అనేది, రెండోదాన్ని "పిల్లా" అనేది. నేనూ వాడు, పిల్ల అనే రాస్తాను.

మా పనిలో ఒక్క సంగతి తెలిస్తే చాలు మీకు. మందుగుండు వాసన తగిలితే మా కుక్క అరవకూడదు, పెట్టెను గోకకూడదు. చప్పుడు చేయకుండా కూర్చోవాలి. కుక్క కూర్చుందంటే అక్కడ ఏదో ఉన్నట్టు. ఇక ప్లాట్‌ఫామ్ ఖాళీ చేయించాల్సిందే, బండి ఆపాల్సిందే. అందుకే మా దళంలో ఒక మనిషికి ఒకే కుక్క. దాన్ని వేరేవాళ్లు నడిపించరు. మనిషికి జ్వరమొస్తే కుక్కకు సెలవు.

వాడు నల్ల లాబ్రడార్. ఆ జాతికి తిండి యావ ఎక్కువంటారు. వాడికి మాత్రం తిండి కంటే పని మీద మోజు. సాయంత్రం దూరం బండ్లు ఎక్కే ప్లాట్‌ఫామ్ మీదికి దిగితే, వాడి తోక చూసి కూలీలు దారి ఇచ్చేవాళ్లు. కొన్నేళ్లు అలా నడిచింది. నా కొలీగ్‌లకు నా పేరు గుర్తు లేకపోయినా ఫలానా కుక్క తాలూకు మనిషి అనేవాళ్లు, నాకది గొప్పగా ఉండేది.

ఒక వర్షాకాలం వాడు ముందు కాలు ఈడ్చడం మొదలుపెట్టాడు. ప్లాట్‌ఫామ్ జారుడుగా ఉంది, బెణికి ఉంటుందన్నాను నేను. బెణికిందే అన్నాడు మమ్మల్ని చూసే పశువుల డాక్టరు. మందు వేస్తే తగ్గేది, మానేస్తే మళ్లీ వచ్చేది. ప్లాట్‌ఫామ్ మధ్యలో తాగునీటి కుళాయిల పక్కన ఒక ఇనుప స్తంభం ఉంది. అక్కడికి వచ్చేసరికి వాడు ఆగిపోయేవాడు. నా మోకాలికి ఆనుకుని బరువంతా నా మీద వేసేవాడు. నేను జనాన్ని గమనిస్తున్నట్టు అటూ ఇటూ చూస్తూ నిలబడేవాణ్ణి. కుంటే కుక్కను పనిలోంచి తీసేస్తారు కదా, అది ఎవరి కంటా పడకూడదని నా తాపత్రయం. కాసేపటికి వాడే నా వైపు చూసి, ఇక పద అన్నట్టు కదిలేవాడు.

కాలు మీద చిన్న ఉబ్బు కనిపించాక నది దాటి అవతలి పట్నంలో ఉన్న పెద్ద పశువుల ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించాం. అక్కడి డాక్టరు మా అమ్మాయి వయసు బెంగాలీ పిల్ల. ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. ఎముకలో కేన్సర్, ఊపిరితిత్తుల్లోకి చేరిపోయింది, కాలు తీసేసినా ఎంతో కాలం ఉండడు అని చెప్పింది. ముందే తెస్తే బతికేవాడా అని అడిగాను. "ఈ రకం కేన్సర్ మహా తొందరగా పాకుతుంది కాకూ, ముందే తెచ్చినా కొద్ది రోజులే తేడా" అంది, కాకూ అంటే బాబాయి అని. అది నిజమో, నా ముఖం చూసి అందో నేను రెట్టించలేదు. నిజమే అయి ఉంటుందని ఇప్పుడు నాకు నమ్మకం.

మా ఇన్‌స్పెక్టరు బిహార్ మనిషి. మీసం, గొంతు, కోపం మూడూ పెద్దవే. వాణ్ణి డ్యూటీలోంచి తీసేశాక కెన్నెల్‌లో ఒంటరిగా ఉంచడం నాకు ఇష్టం లేదని, ఇంటికి తీసుకెళ్తానని అడగడానికి వెళ్లాను. రూల్సు చదివి వినిపిస్తాడని అనుకున్నాను. ఆయన ఫైలులోంచి తలెత్తకుండా, "అయితే ఇంకా ఇక్కడెందుకున్నావు, తీసుకుపో" అని హిందీలో కసిరాడు. ఆయనకు తెలిసిన మర్యాద అదే.

అసలు భయం ఇంటి దగ్గరే. కుక్క వెంట్రుకలు ఇంట్లోకి రాకూడదని మా ఆవిడ ఏళ్ల తరబడి నన్ను వరండాలోనే యూనిఫాం మార్పించేది. వాడు కుంటుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రావచ్చా అన్నట్టు నిలబడ్డాడు. ఆవిడ వాణ్ణి చూసింది, నన్ను చూసింది.

"ఏటండి అలా నిలబెట్టీసేరు ఆణ్ణి? కాలు నొప్పెట్టదేటి?" అని నన్నే తిట్టింది. "రా నాయినా, నువ్వు రా."

ఆ రోజు నుంచి వాడికి గుడ్డన్నం, నాకు ఏది మిగిలితే అది. వాడి మందులు ఆవిడే బెల్లం ముక్కలో దాచి పెట్టేది. గురువారం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. మా లిలువాలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు వంతుల వారీగా ఇళ్లలో కూడుకుంటాయి. ప్రార్థన మనవులు ఏమున్నాయని సంఘ పెద్ద అడిగితే ఒకరు కొడుకు పరీక్ష గురించి, ఒకరు బీపీ గురించి చెప్పారు. మా ఆవిడ లేచి, "మా కుక్కకి కేన్సరండి, నొప్పి లేకుండా పోవాలని ప్రార్థన సెయ్యండి" అంది. సంఘ పెద్ద రిటైరైన రైలు డ్రైవరు, పద్ధతి మనిషి. "కుక్కకేటమ్మా ప్రార్థన, మందులిస్తన్నారు గదా" అన్నాడు. మా ఆవిడ, "బీపీకి మాత్రం మందుల్లేవేటండి?" అంది. బీపీ ఆయన దగ్గాడు. చివరికి "ఈ గృహంలో బాధపడుతున్న సమస్త ప్రాణుల కొరకు" అని ప్రార్థన జరిగింది. పేరు పెట్టి చేయలేదని ఆవిడ చాలా రోజులు మూతి ముడుచుకుంది.

వాడు ఇక లేవలేని రోజు వచ్చింది. తిండి చూసి ముఖం తిప్పుకున్నాడు, నన్ను చూసి తోక మాత్రం నేల మీద ఒకసారి కొట్టాడు. ఆ డాక్టరమ్మ మా క్వార్టరుకే వచ్చింది. పొద్దున్న ఎండ వరండాలోకి పడుతోంది. మా ఆవిడ వాడి తల ఒళ్లో పెట్టుకుంది. నేను కాలు పట్టుకున్నాను, నొప్పి లేని కాలు. సూది వేశాక నిద్రపోయినట్టే పోయాడు. కెన్నెల్ వెనక పాతిపెట్టి దళమంతా సెల్యూట్ చేశాం. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, అయిపోగానే ప్రహరీ పక్క గడ్డి కోయలేదని ఎవరినో కేకలేశాడు. నాకు ఏడుపు రాలేదు. గట్టివాడివి అన్నారు తోటివాళ్లు, నేనూ అలాగే అనుకున్నాను. గట్టితనం కాదది, లోపల ఎక్కడో తలుపుకు కొక్కెం పడిపోయింది.

కొద్ది వారాల్లోనే పిల్ల వచ్చింది. గోధుమరంగు లాబ్రడార్. దాన్ని నడిపించే మనిషికి ప్రమోషన్ వచ్చి వేరే ఊరు వెళ్లిపోయాడు. చక్కగా శిక్షణ పొందిన కుక్క, ముక్కు మంచిదని కాగితాల్లో రాసి ఉంది. మన దగ్గర మనిషి ఖాళీ, అక్కడ కుక్క ఖాళీ అని పైవాళ్లు ఇద్దర్నీ కలిపేశారు. పెళ్లిచూపుల్లో కూడా అమ్మాయీ అబ్బాయీ ఒకసారి ముఖాలు చూసుకుంటారు, మాకు అదీ లేదు. నేను వేళకు తిండి పెట్టాను, దువ్వాను, నడిపించాను. ముద్దు చేయలేదు. అది నా చేతిని వాసన చూసి, నా ముఖంలోకి చూసి, ఏమీ దొరక్క ఊరుకునేది.

ప్లాట్‌ఫామ్ మీదికి దింపిన మొదటి వారంలోనే కుళాయిల పక్క స్తంభం దగ్గర కూర్చుంది. ఆ స్తంభానికి ఆనించి ఎవరిదో చేతిసంచి ఉంది. విజిళ్లు ఊదాం, జనాన్ని తరిమాం, బండి ఆగింది, బాంబుల నిపుణులు వచ్చారు. సంచిలో ఖర్జూర బెల్లం అచ్చులు, ఒక కంబళి ఉన్నాయి. సంచి తాలూకు ముసలావిడ కుళాయి దగ్గర సీసా నింపుకుని వచ్చి, తన బెల్లం మీద ఇంతమంది ఎందుకు పడ్డారో అర్థం కాక అందరినీ కలిపి దీవించినట్టు తిట్టింది. బెల్లానికి మా కుక్క కూర్చుందని స్టేషనంతా నవ్వు.

ఒకసారి అయితే నవ్వేసి ఊరుకునేవాళ్లు. మరోసారి అక్కడే కూర్చుంది. ఇంకోసారి పార్సిల్ ఆఫీసు మెట్ల దగ్గర, ఆ తర్వాత మళ్లీ స్తంభం దగ్గర. అక్కడ ఏమీ లేదు, ఖాళీ నేల. ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచి, ఈసారి కేకలేయకుండా మామూలు గొంతుతో మాట్లాడాడు. ఆయన కేకలేయలేదంటే వ్యవహారం ముదిరినట్టే. పై ఆఫీసు నుంచి ముగ్గురు అధికారులు వచ్చి కుక్కకు పరీక్ష పెడతారు. తప్పితే దాన్ని పనికిరాదని తీసేసి వేలం వేస్తారు. నన్ను పార్సిల్ గేటు దగ్గర కూర్చోబెడతారు.

గేటు సంగతి నాకు పట్టలేదు. వేలమే మింగుడు పడలేదు. పిల్లకు ఇంకా సగం వయసు కూడా రాలేదు, పని చేయాలని పొద్దున లేచిన దగ్గరి నుంచి తహతహలాడే కుక్క. ఏ గోడౌను యజమానో కొనుక్కుపోయి గొలుసు వేసి కట్టేస్తాడు. దాని మీద నాకు ప్రేమ పుట్టిందని చెప్పను, అప్పటికింకా పుట్టలేదు. కానీ నా చేతిలో ఒక మంచి కుక్క చెడిపోతోందన్నది మాత్రం ఒప్పుకోలేకపోయాను.

మా దళంలో ఒక బెంగాలీ అమ్మాయి ఉండేది, నా తర్వాత చాలా ఏళ్లకు చేరింది. చేతిలో ఎప్పుడూ ఫోను, నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. నా కుక్క ఎక్కడెక్కడ కూర్చుంటోందో అధికారులకు చూపించడానికని ఆమె చేత వీడియో తీయించాడు ఇన్‌స్పెక్టరు. తీసిన సాయంత్రం టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఆమె ఒక్కతే దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తోంది. నన్ను పిలిచింది.

"దాదా, కుక్కను చూడకండి. మీ కాళ్లను చూడండి."

చూశాను. స్తంభం ఇంకా నాలుగు అంగల దూరంలో ఉండగానే నా నడక నెమ్మదించింది. చేతిలో తాడు వదులైంది. స్తంభం దగ్గర నేను నిలబడిపోయి, మోకాలు కొంచెం పక్కకు పెట్టి, తల తిప్పి జనాన్ని చూస్తున్నాను. పిల్ల నా వైపు తలెత్తి చూసింది. ఆ తర్వాతే కూర్చుంది.

"ఆగే ఆప్‌ని థామ్‌ఛేన్, తార్‌పర్ ఓ బోష్‌ఛే," అంది ఆ అమ్మాయి. మీరు ముందు ఆగుతున్నారు, తర్వాత అది కూర్చుంటోంది అని. పెద్దవాణ్ణని కాబోలు, ఆ మాట చెప్పేటప్పుడు నమలడం ఆపింది.

పిల్ల తప్పు చేయడం లేదు. పరేడ్‌లో మనిషి ఆగితే కుక్క కూర్చోవాలి, అందంగా ఉంటుందని దాని పాత మనిషి శ్రద్ధగా నేర్పించాడు. నేను ఆగాను, అది మర్యాదగా కూర్చుంది. మేమంతా దాన్ని బాంబు గుర్తు అనుకున్నాం. ఆ ప్లాట్‌ఫామ్ పొడుగునా వాడు ఎక్కడెక్కడ ఆగేవాడో అక్కడక్కడ నా కాళ్లు ఆగుతున్నాయి, మెట్ల దగ్గర కూడా. ఆరోగ్యంగా ఉన్న కుక్కను పక్కన పెట్టుకుని నేను జబ్బుకుక్కను నడిపిస్తున్నాను. మా శిక్షణ కేంద్రంలో మొదటి పాఠమే ఇది, మనిషి మనసులో ఉన్నదంతా తాడు గుండా కుక్కకు చేరుతుందని. కొత్తవాళ్లకు ఆ పాఠం చెప్పమని అప్పుడప్పుడు నన్నే పిలిచేవారు.

తెలిసింది కదా, ఇక ఆగకపోతే సరి అనుకున్నాను. మర్నాడు స్తంభం దగ్గరికి రాగానే పళ్లు బిగించి అడుగులు వేశాను. ఎంత గట్టిగా వేశానంటే పిల్ల బెదిరిపోయి, ముక్కు పని మానేసి నా ముఖమే చూడడం మొదలుపెట్టింది. ఇంతకు ముందు కూర్చునేది, ఇప్పుడు వెతకడమే మానేసింది. పరీక్ష దగ్గర పడుతోంది.

ఇంట్లో మా ఆవిడతో చెప్పాను. చెప్పకూడదనుకున్నాను గానీ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంటే ఆవిడే అడిగింది. అంతా విని కంచం నా వైపు జరిపింది.

"మనుసులు పోతే ఆదరణ కూడిక పెట్టుకుంటాం గదండి," అంది. "నలుగురూ వచ్చి, పోయినోళ్ల గురించి మంచీ సెడ్డా సెప్పుకుని, ఏడ్సి, అన్నం తిని పోతారు. ఆడికి మనం ఏటి పెట్టేం? పాతీసి వచ్చీసేం."

"కుక్కకు ఆదరణ కూడిక అంటే సంఘ పెద్ద ఊరుకుంటాడా?"

"మందిరంలో పెట్టమన్నానేటి? ఆడు ఆగీ స్తంభం కాడ పెడదాం. మీరు ఆగాలనుంటే ఆడి కోసం ఒక రోజు ఆగండి. ఆ పిల్ల ఎంట ఉన్నప్పుడు ఆగీకండి."

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం ప్లాట్‌ఫామ్ టికెట్లు కొనుక్కుని వెళ్లాం. అన్నేళ్లు పని చేసిన ప్లాట్‌ఫామ్‌కు టికెట్టు కొనడం అదే మొదలు, మా ఆవిడ పట్టుబట్టి కొనిపించింది. స్తంభం పక్క బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ పులిహోర డబ్బా, ఉడకబెట్టిన గుడ్లు తెచ్చింది. ఆ బెంగాలీ అమ్మాయి డ్యూటీ దిగి వచ్చింది. కాసేపటికి మా సంఘ పెద్ద, గంజి పెట్టిన చొక్కాతో, బైబిలు చంకలో పెట్టుకుని ప్రత్యక్షమయ్యాడు. బంధువులను బండి ఎక్కించడానికి వచ్చానన్నాడు. ఆ వేళప్పుడు ఆ ప్లాట్‌ఫామ్ మీద ఏ బండీ లేదు. మేమెవరం అడగలేదు, మా ఆవిడ జరిగి చోటిచ్చింది.

మొదట మా ఆవిడే మొదలుపెట్టింది, మందు దాచిన బెల్లం తిని మందు మాత్రం జాగ్రత్తగా నా చెప్పులో ఉమ్మేవాడని, నేను చూసేలోగా తనే తీసి మళ్లీ తినిపించేదని. అది నాకు అప్పటిదాకా తెలియదు. ఆ అమ్మాయి, తను కొత్తగా చేరినప్పుడు భయపడుతుంటే వాడు వచ్చి తన బూటు మీద తల పెట్టి పడుకున్నాడని చెప్పింది. సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు. ఒక మొక్కుబడి మాట అంటాడనుకున్నాను. "నాను బండి తోలినన్నాళ్లూ, ఈడు సూసేడంటే బండి బాగున్నట్టే అని బయల్దేరీవోణ్ణి. ఆ మాట ఎవులితోనూ అన్లేదు," అన్నాడు.

అప్పుడు నా వంతు. ఏదో మంచి సంగతి చెబుదామని నోరు తెరిచాను. వాడు నా మోకాలికి ఆనుకునేవాడు అని ఒక్క మాట వచ్చింది, వెనకాలే ఏడుపు వచ్చింది. అంత జనంలో, కూలీలు చూస్తుండగా, మా ఆవిడ భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. చాలా హాయిగా అనిపించింది, దాచను. ఎవరూ ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గాక ఆకలేసింది. సంఘ పెద్ద ఈసారి వాడి పేరు పెట్టి దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు, పేరు తప్పు పలికాడు గానీ చెప్పాడు. పులిహోర చుట్టుపక్కల కూలీలకు కూడా పెట్టాం.

ఆ వారమంతా నేను పిల్లతో కొత్తగా పని మొదలుపెట్టాను. తాడు కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చాను. దారి మార్చాను, ఒక రోజు ఈ చివర నుంచి, ఒక రోజు ఆ చివర నుంచి. కావాలనే దారిలో ఊరికే ఆగేవాణ్ణి, అది కూర్చోబోతే పలకరించకుండా నిలబడేవాణ్ణి, అది తన ముక్కును నమ్ముకుని ముందుకు పోతే అప్పుడు శభాష్ అనేవాణ్ణి. నేను ఆగినా నువ్వు ఆగకు, నీకు వాసన తగిలితేనే ఆగు. అదే పాఠం, దానికీ నాకూ కలిపి. తెలుగులో మాట్లాడేవాణ్ణి దానితో, వాడితో మాట్లాడినట్టు. పిల్ల కూడా శ్రీకాకుళం తెలుగుకు తొందరగానే అలవాటు పడింది. స్నానం చేయిస్తుంటే ఒక పూట నా ముఖమంతా నాకేసింది, నేనూ ఊరుకున్నాను.

పరీక్ష రోజు ఆ ముగ్గురు అధికారులు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ప్లాట్‌ఫామ్ మీద వరసగా పెట్టెలు, సంచులు, మూటలు. ఒకదాంట్లో మాత్రం నమూనా మందుగుండు దాచారు, ఎందులోనో మాకు తెలియదు. ఇన్‌స్పెక్టరు నా పక్క నుంచి పోతూ, "ఈసారి బెల్లం కాకుండా చూడు" అన్నాడు. ఆయన చేతిలోని రుమాలును పిండి పిండి పిప్పి చేస్తున్నాడు.

బయలుదేరాం. మొదటి వరస శుభ్రంగా దాటింది. స్తంభం దగ్గర పడింది. నా కాళ్లు నెమ్మదించడం నాకు తెలుస్తోంది, అవి నా మాట వినే కాళ్లు కావు, వాడి కాళ్లు. బిగపట్టలేదు ఈసారి. నెమ్మదిస్తే నెమ్మదించనీ అనుకున్నాను. ఆగాను కూడా, ఒక్క క్షణం. వెనక కుర్చీలు కిర్రుమన్నాయి.

పిల్ల తలెత్తి నన్ను చూసింది. దాని నడుము కిందికి వంగబోయింది. ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నాడని తర్వాత ఆ బెంగాలీ అమ్మాయి చెప్పింది. పిల్ల ముక్కు ఒకసారి గాలిలోకి ఎత్తింది, నన్ను వదిలేసింది, తాడు లాక్కుంటూ ముందుకు పోయింది. తాడు బిగిసి నా చేయి ముందుకు సాగింది, చేయి వెంట నేనూ కదిలాను. కుళాయిలు దాటి, మూటలు దాటి, ఎవరూ చూడని మూల ఒక పాత ట్రంకు పెట్టె ముందు ఆగి, ముక్కు దాని తాళానికి గురిపెట్టి, రాయిలా కూర్చుంది. నా వైపు చూడలేదు. నిజంగా దొరికినప్పుడు కుక్క మన ముఖం చూడదు.

అదే పెట్టె. అధికారుల్లో పెద్దాయన రాసుకుంటూ, స్తంభం దగ్గర మీరెందుకు ఆగారని అడిగాడు. నా కుక్క ఆగుతుందో లేదో చూద్దామని ఆగాను సార్ అన్నాను. అబద్ధం కాదు గానీ నిజమూ పూర్తిగా కాదు. ఆయనకు ఆ జవాబు నచ్చింది, శిక్షణ పద్ధతి బాగుందని రాశాడు. ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి నన్ను కౌగలించుకోబోయి, మధ్యలో గుర్తొచ్చి, నా బెల్టు వంకరగా ఉందని తిట్టాడు.

నేను రిటైరయ్యేదాకా పిల్ల నాతోనే పని చేసింది. ఆ ఏళ్లలో స్తంభం దగ్గర నేను ఎన్నిసార్లో ఆగాను. వాణ్ణి తలుచుకోవాలనిపిస్తే తలుచుకునేవాణ్ణి, అది తాడు లాగితే కదిలేవాణ్ణి. వాణ్ణి మరిచిపోతేనే దాన్ని ప్రేమించగలనని మొదట్లో అనుకున్నాను. అటువంటిదేమీ లేదు, ఇద్దరికీ చోటు సరిపోయింది. అన్యాయం ఎక్కడైనా జరిగిందంటే, నేను వాడి కోసం ఏడవకుండా పిల్ల చేత వాడి అడుగులు వేయించిన ఆ కొన్ని వారాల్లోనే జరిగింది. న్యూ టౌన్ అమ్మాయీ, నాకు తెలిసిన జవాబు ఇంతే. కుక్కపిల్లను తెచ్చుకో. అంతకు ముందు ఒక పూట కూర్చుని, అన్నం వండుకుని, పోయినదాని గురించి తనివితీరా మాట్లాడుకోండి.

రిటైరైన రోజున పిల్లను కొత్త మనిషికి అప్పగించాలి. దానికింకా పని చేసే వయసుంది, ఇంటికి తెచ్చుకోవడానికి లేదు, తెచ్చుకోవాలనీ అడగలేదు. దాన్ని అప్పగించింది ఆ బెంగాలీ అమ్మాయికే, అప్పటికి ఆమె కుక్కకు వయసైపోయి విశ్రాంతి ఇచ్చారు. తాడు ఆమె చేతిలో పెట్టాను. ముగ్గురం కలిసి సాయంత్రం బండి కోసం ప్లాట్‌ఫామ్ మీదికి నడిచాం, నాకదే ఆఖరి నడక. సగం దూరం వెళ్లేసరికి, ఆ స్తంభం దగ్గర, ఇక అడుగు పడలేదు, ఆగిపోయాను. ఆ అమ్మాయి కూడా అడుగు నెమ్మదించి నా వైపు తిరిగింది. పిల్ల ఒకసారి తలెత్తి నన్ను చూసింది. ముక్కు గాలిలోకి ఎత్తి, తోక ఊపుకుంటూ, ఆమెను లాక్కుని బండి వైపు వెళ్లిపోయింది. అది కూర్చోలేదు.